ఉత్తరానికి తల ఉండదు

సోఫియా,
మార్చి 10

పూజ్యులైన ఎవ్లోగి పెదనాన్నగారికి జోర్నిత్స నమస్కరించి, సంతోషం పట్టలేక వ్రాస్తున్నది.

కిందటి వారం మీ ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని నేను అడిగిన మాటకు మీరు ఒప్పుకున్న తీరు తలచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతున్నాయి. "ఏప్రిల్‌లో వియన్నా నుంచి ముగ్గురు అతిథులొస్తారు పెదనాన్నా, గుర్రాలమీద మన కొండదారి చూపిస్తాను, నాన్న గుర్రాన్ని ఒక్కరోజు ఇస్తారా?" అని అడిగాను. మీరు నోరు మెదపకుండా తల పైకీ కిందికీ ఊపారు. నమ్మలేక మళ్ళీ అడిగాను. మరింత గట్టిగా ఊపారు. మూడోసారి అడిగితే కళ్ళు మూసుకుని మరీ ఊపారు.

ప్రయాణం ఏప్రిల్ ఇరవై ఆరు, శనివారం. మీ పక్కింటి గంచో మూడు గుర్రాలు ఇస్తానన్నాడు. మన వీహ్రామీద శ్రీమతి లిండ్నర్ ఎక్కుతుంది. ఆవిడ వియన్నాలో యాత్రలు నడిపే ఒక సంస్థకు పెద్ద. పొగరుమోతు గుర్రాలంటే భయం, అందుకని నెమ్మదైనది కావాలి. ఆవిడకు నచ్చితే వేసవి పొడుగునా ప్రతి శనివారం మనుషుల్ని పంపిస్తుంది. నచ్చకపోతే నేను పదిహేనేళ్ళు పనిచేసిన వియన్నా హోటలుకే తిరిగిపోవాలి. నా స్థానం మే నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతామన్నారు. నాకు తిరిగిపోవాలని లేదు పెదనాన్నా. అపరిచితులకు తాళాలు అందించి అందించి అలసిపోయాను.

మీ ఊపుకు ఋణపడిన,
జోర్నిత్స

తా.క. బయలుదేరేముందు పాకలోకి వెళ్ళి వీహ్రాను కూడా అడిగాను. అదీ తల ఊపింది. ఆ ఇంట్లో ఇద్దరూ ఇంత ఉత్సాహవంతులని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

&nbsp;

ద్రెనోవ్కా,
మార్చి 17

చిరంజీవి జోర్నిత్సకు, నడుమునొప్పీ ఈస్టర్ ముందరి పెద్ద ఉపవాసమూ ఒక్కసారే మీదపడిన నీ పెదనాన్న ఎవ్లోగి, ఉన్న ఓపికతో ఆశీర్వదించి వ్రాస్తున్నది.

నీ ఉత్తరం మంగళవారం బస్సులో వచ్చింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక, రెండోసారి అర్థమై.

అమ్మా, నేను వద్దన్నాను. మూడుసార్లు వద్దన్నాను. ఈ దేశంలో తల నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే ఔనని పాలు మానని పసివాడికీ తెలుసు. ఒకప్పుడు నీకూ తెలుసు. ఐదేళ్ళ వయసులో "తేనె కావాలా?" అంటే మెడ విరుగుతుందేమోనన్నంతగా అడ్డంగా ఊపేదానివి. పదిహేనేళ్ళు వియన్నాలో ఉండి తలనే తలకిందులు చేసుకుని వచ్చావు.

నాకు డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళు బడిలో వ్యాకరణం చెప్పాను. యాభై ఏళ్ళుగా చర్చిలో స్తోత్రాలు చదువుతున్నాను. ఇప్పుడు నాకు కావలసినవి రెండే: కిటికీ పక్కన ఒక కుర్చీ, ఆ కుర్చీలోంచి నన్ను లేపని లోకం. వీహ్రాకు ఇరవై మూడేళ్ళు. నువ్వు వియన్నా వెళ్ళిన ఏడాదే దాన్ని కొని, మీ నాన్న సుడిగాలి అన్న అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. ఆ గాలి పడిపోయి చాలా కాలమైంది. మేమిద్దరం లోకానికి రాజీనామా ఇచ్చినవాళ్ళం.

ఫోను మోగడం లేదని కోప్పడకు. ఈ లోయలోకి ఫోను మాట దిగదు. దిగకపోవడమే మేలు. ఉత్తరానికి తల ఉండదు గనుక ఔనంటే ఔనే, కాదంటే కాదే. నా జవాబు, అక్షరాలా: కాదు.

కుర్చీలోంచి,
నీ పెదనాన్న ఎవ్లోగి

తా.క. వీహ్రా నీకని ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. అడుగడుక్కీ తల నిలువుగా ఊపడం దాని నడక. పదకొండేళ్ళు మీ నాన్న తపాలా సంచీని అడుగుకొక "వద్దు" అంటూనే మోసింది. నేనూ బడికి అలాగే వెళ్ళాను.

&nbsp;

సోఫియా,
మార్చి 24

పూజ్యులైన పెదనాన్నగారికి, సిగ్గుతో తల దించుకున్న జోర్నిత్స (దించడం మాత్రమే, ఊపడం కాదు) నమస్కరించి వ్రాస్తున్నది.

క్షమించండి. తప్పు నాదే. కాని మీరు ఒప్పుకున్నారనుకుని వియన్నాకు వ్రాసేశాను. వాళ్ళు కార్యక్రమం అచ్చు వేయించేశారు. ఎనిమిది పేజీల పుస్తకం. అట్టమీద వీహ్రా బొమ్మ. కింద "కొండలు ఎరిగిన అశ్వం" అని ఉంది. ఇప్పుడు ఆ అశ్వం రాదని ఏ ముఖంతో చెప్పను?

ఒక్క శనివారం పెదనాన్నా. మీరు కుర్చీలోంచి లేవనక్కరలేదు. వీహ్రాను పాకలోంచి విప్పి ఇస్తే చాలు. ఉత్తరం వ్రాసే శ్రమ కూడా వద్దు. గంచో శుక్రవారం సోఫియా వస్తున్నాడు. ముందుగా మీ దగ్గరికి వస్తాడు. ఒక్కసారి తల ఊపండి, అతను నాకు మాటతో చెబుతాడు.

ఆశ చంపుకోలేని,
జోర్నిత్స

తా.క. మన పద్ధతి మళ్ళీ ఒంటబట్టాలని రోజూ అద్దం ముందు సాధన చేస్తున్నాను. నిన్న రొట్టెల అంగడిలో ఆవిడ "ఇంకోటి ఇయ్యనా?" అన్నప్పుడల్లా వద్దనే అనుకుని తల ఊపాను. ఇంటికి ఆరు రొట్టెలతో వచ్చాను.

&nbsp;

ద్రెనోవ్కా,
మార్చి 31

చిరంజీవి జోర్నిత్సకు, జరగకూడనిది జరిగిందని విన్నవిస్తూ ఎవ్లోగి ఆశీస్సులు.

శుక్రవారం పొద్దున గంచో వచ్చాడు. కంచెమీద మోచేతులు ఆనించి, "ఏం మాస్టారూ, గుర్రాన్ని ఇస్తారా ఇవ్వరా? బస్సుకి టైమైపోతోంది, తొందరగా తేల్చండి," అన్నాడు.

నేను ఆలోచించాను. వద్దని నీకు ఇంకా ఎన్ని ఉత్తరాలు వ్రాయాలి? ఔనని ఒక్కటి వ్రాస్తే సరిపోతుంది. అలసినవాడికి ఔను అనడంలోనే శ్రమ తక్కువ. కనుక ఒప్పుకుందామని నిశ్చయించుకున్నాను. అయితే ఈ ఊపు చివరికి చేరవలసింది నీకు. నువ్వు తలలు చదివేది వియన్నా లిపిలో. కాబట్టి నీ సౌకర్యం కోసం నా జన్మలో మొదటిసారి తల నిలువుగా ఊపి ఔనన్నాను.

గంచో మూతి విరిచాడు. "సరేలెండి, మీ ఇష్టం. పాపం ఆ పిల్ల! ముసలాయన మొండికేశాడని చెప్తా," అని వెళ్ళిపోయాడు. నాకు విషయం తట్టి, చెప్పులు తొడుక్కుని, కంచె దాకా వచ్చేసరికి బస్సు మలుపు తిరిగింది.

అందుచేత అక్షరాలలో వ్రాస్తున్నాను: ఔను. ఒక్క శనివారం. నేను గుర్రం ఎక్కను, కొండ ఎక్కను, ఎవరి ఫోటోలోనూ నిలబడను. వీహ్రాకు ఒక అలవాటు ఉంది. మీ నాన్న తన ఉత్తరాల్లో నీకు వ్రాసే ఉంటాడు గనుక విస్తరించను.

మెడ పట్టేసిన,
నీ పెదనాన్న

తా.క. తల నిలువుగా ఊపి ఔననడం మెడకు ఎంత విరుద్ధమో ఇప్పుడు తెలిసింది. వియన్నాలో వైద్యులు ఎక్కువమంది ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

&nbsp;

సోఫియా,
ఏప్రిల్ 4

పూజ్యులైన పెదనాన్నగారికి, పట్టుదల అంతా ఖర్చయిపోయిన జోర్నిత్స నమస్కారాలు.

గంచో చెప్పాడు. "వద్దన్నాడమ్మా, అదీ గట్టిగా," అన్నాడు. సరే. ఇంక అడగను. నాకూ విసుగొచ్చింది. వియన్నాకు ఉత్తరం వ్రాసేశాను: యాత్ర లేదని ఒకటి, నా ఉద్యోగం నాకు కావాలని ఒకటి. రెండూ బల్లమీద ఉన్నాయి, రేపు పంపుతాను. మీ కుర్చీనీ మిమ్మల్నీ ఇక కదిలించను.

సెలవు,
జోర్నిత్స

తా.క. కవరు అంటిస్తుండగా మీ ఉత్తరం వచ్చింది. బల్లమీదివి రెండూ చించేశాను. పెదనాన్నా, దయచేసి ఇక ఎవరి కోసమూ ఏ భాషలోనూ తల ఊపకండి. వీహ్రా అలవాటంటే ఉప్పురాయి నాకడమే కదా? నాన్న వ్రాశారు. దానికేముంది, ఉప్పు తెస్తాను.

&nbsp;

సోఫియా,
ఏప్రిల్ 28

పెదనాన్నగారికి, క్రీస్తు లేచాడు. పండుగ పలకరింపు మానకూడదు గనుక వ్రాశాను. వ్రాస్తున్న జోర్నిత్సకు మాత్రం లేచే ఓపిక లేదు.

శనివారం నాడు ఏమి జరిగింది? ఊరు దాటేదాకా వీహ్రా నా వెనకే ఉంది. చెర్రీ చెట్లు పూసిన గట్టెక్కి, మిగతా ఇద్దరు అతిథులూ "ఆహా" అంటుంటే తిరిగి చూశాను. శ్రీమతి లిండ్నర్ లేదు. గుర్రమూ లేదు. నడిచి వెనక వస్తానన్న గంచో కూడా లేడు. నాలుగు గంటలు కొండంతా అరుస్తూ తిరిగాను. కిందికి దిగేసరికి ఆవిడ మీ గుమ్మం ముందు నిలబడి ఉంది. జుట్టు చెదిరి, ముఖం కందిపోయి, మెడలో రెండు జతల ఊలు మేజోళ్ళు, ఒక చేతిలో ఈస్టర్‌కు రంగు వేసిన ఎర్రగుడ్ల బుట్ట, ఇంకో చంకలో బతికున్న కోడి.

"ఏమైందండీ?" అన్నాను. కారెక్కగానే నిద్రపోయింది. సోఫియా వచ్చేదాకా లేవలేదు. మర్నాడు తెల్లవారగానే విమానం ఎక్కేసింది. ఇంక అడగవలసిందేముంది? పెట్టె సర్దుతున్నాను. ఏమి జరిగిందో కనీసం తెలుసుకుని పోతాను, చెప్పండి.

జోర్నిత్స

తా.క. కోడిని విమానంలోకి రానివ్వలేదు. నా వంటింట్లో ఉంది. ఎవరిదది?

&nbsp;

ద్రెనోవ్కా,
మే 5

చిరంజీవి జోర్నిత్సకు, నిజంగా లేచాడు. ఆయన తరువాత నేనూ లేచాను, కర్ర సాయంతో. ఆశీస్సులు.

కిటికీలోంచి చూస్తున్నాను. మీ గుర్రాలు గట్టెక్కుతున్నాయి. వీహ్రా మాత్రం స్తోయ్నా అవ్వ గుమ్మం ముందు నిలబడిపోయింది. మీ నాన్న ఉప్పు గురించి వ్రాశాడు గాని అసలు సంగతి వ్రాయలేదన్నమాట. ఆ గుర్రం తపాలా గుర్రం. కొండమీద చెదురుమదురుగా ఉన్న ఇరవై మూడు ఇళ్ళూ దాని దారి. ఒక్కొక్క గుమ్మం ముందు ఆగుతుంది. కాగితం చేతులు మారిన చప్పుడు చెవిన పడితే తప్ప కదలదు. తపాలా కార్యాలయం మూసేసి, మీ నాన్న పోయి, నాలుగేళ్ళయినా ఆ సంగతి దానికి ఎవరూ తెలియజేయలేదు.

నేను కుర్చీలోంచి లేచాను. ఈ వాక్యం ఇంకొకసారి చదువు.

నేను వెళ్ళేసరికి గంచో చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. శ్రీమతి లిండ్నర్ గుర్రాన్ని తన భాషలో బతిమాలుతోంది. స్తోయ్నా అవ్వ గుమ్మంలోకి వచ్చి, "వచ్చావటే సుడిగాలీ! నాలుగేళ్ళకి గుర్తొచ్చానా? ఏదీ, ఉత్తరమేదీ?" అంది. తరువాత పైకి చూసి, "నువ్వెవరమ్మా, కొత్త తపాలావిడవా?" అంది. శ్రీమతి లిండ్నర్‌కు ఒక్క ముక్క అర్థం కాక, మర్యాదకు నవ్వి, తల నిలువుగా ఊపింది.

"కాదా? మరి నా గుమ్మంలో నీకేం పనే?"

"అవ్వా, ఆవిడ ఔనంది," అన్నాడు గంచో.

"ఔనంటే అలా ఊపుతారట్రా? నాకే చెప్తున్నావా?"

నేను కల్పించుకుని, ఏదైనా కాగితం ఇప్పించమని గంచోతో చెప్పాను. రెండేళ్ళు ఆ దేశాలలో లారీ తోలాడు కదా, వాడికి ఆ భాష కొంత వచ్చు. శ్రీమతి లిండ్నర్ అచ్చు పుస్తకంలోంచి ఒక పేజీ చించి, ఏదో వ్రాసి, అవ్వ చేతికిచ్చింది. వీహ్రా కదిలింది. తరువాతి గుమ్మం దాకా.

పుస్తకానికి ఎనిమిది పేజీలు, ఊరికి ఇరవై మూడు గుమ్మాలు. పేజీలు సగాలయ్యాయి, పాతికలయ్యాయి. ప్రతి ఇంటివాళ్ళూ చదివి చెప్పమని నన్నే అడిగారు. జర్మను భాష నాకు రాదు. స్తోయ్నాకు "మీ గులాబీ మొక్కలు ఈ ఏడు బాగా పూస్తాయి" అని చదివాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆ ముక్కను దేవుడి పటం వెనక పెట్టుకుంది. ఆ పైన వెనక్కి తగ్గడానికి వీలు లేకపోయింది. ఆరోగ్యాలు చదివాను, పెళ్ళిళ్ళు చదివాను. పన్నెండో గుమ్మానికి నా కల్పన ఎండిపోయి, "సకాలంలో వర్షాలు పడుగాక" అని చదివాను. వాళ్ళు "ఆమెన్" అన్నారు. ఉత్తరం తెచ్చినవాళ్ళను ఒట్టి చేతులతో పంపే ఊరు కాదు గనుక గుడ్లు, మేజోళ్ళు. కోడి పదిహేడో గుమ్మానిది.

ఇరవై మూడోది నా గుమ్మం. అక్కడా ఆగింది. ఆవిడ నాకూ ఒక ముక్క వ్రాసి ఇచ్చి, దిగకుండా నా ముఖంలోకి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు దిగింది. నువ్వు వచ్చావు.

ఆ ముక్కను కోటు జేబులో వేసుకున్నాను. అది ఆదివారం కోటు. నిన్న ఆదివారం తొడిగితే చేతికి తగిలింది. దీనితో పంపుతున్నాను. నువ్వే చదువుకో.

అరికాళ్ళు వాచిన,
నీ పెదనాన్న

తా.క. పెట్టె సర్దడం చీటీ చదివేదాకా ఆపగలవా? ఆలోచించి చూడు. నా మాటగా అనుకోకు, నడుమునొప్పి మాటగా అనుకో.

&nbsp;

సోఫియా,
మే 16

పెదనాన్నా, క్రీస్తు లేచాడు, నమస్కారం, మిగతా మర్యాదలన్నీ వ్రాసినట్టే అనుకోండి. 

చీటీలో ఉన్నది ఇది: "అయ్యా, నా జీవితంలో ఇంత అలసిపోలేదు, ఇంతమంది నా కోసం గుమ్మంలోకి రానూ లేదు. వేసవిలో ప్రతి శనివారం మా వాళ్ళను పంపాలని ఉంది. ఒకటే షరతు. వీహ్రా వెంట మీరు నడవాలి, ఉత్తరాలు మీరే చదవాలి. సమ్మతమేనా? తలతో చెప్పండి. ఇక్కడ ఏ ఊపుకు ఏమి అర్థమో గంచో చెప్పాడు."

నిన్న వియన్నా నుంచి కూడా ఉత్తరం వచ్చింది. జూన్ మొదలుకుని పద్నాలుగు శనివారాలు. "మీ పెదనాన్నగారు తల అడ్డంగా ఊపి అంగీకరించారు" అని ఉంది. అంగీకరించారా? మొన్న గంచో దగ్గర నా కోసమని వియన్నా పద్ధతిలో ఊపినట్టే, ఆవిడ కోసం కూడా వియన్నా పద్ధతిలో ఊపి వద్దన్నారేమోనని నా భయం. గంచో పనిగట్టుకుని ఆవిడకు మన పద్ధతి నేర్పుతాడని ఎవరు అనుకుంటారు? మీకు అర్థం కాని మాటకు ఒప్పించి మిమ్మల్ని పద్నాలుగు వారాలు కొండ ఎక్కించలేను. వద్దంటే వద్దని వ్రాసేస్తాను, హోటలుకు పోతాను. గడువు నెలాఖరు. పెట్టె తెరిచే ఉంది. నింపాలో ఖాళీ చేయాలో చెప్పండి. ఆ ఊపు ఏ దేశానిది?

మీ జోర్నిత్స

తా.క. ఒకటి: తెరిచిన పెట్టెలో, నా ఉన్ని కోటుమీద, కోడి గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది. చెయ్యి పెడితే పొడుస్తోంది. రెండు: ఇరవై రెండు ఇళ్ళకూ తాను వ్రాసింది ఒకటే వాక్యమని శ్రీమతి లిండ్నర్ తెలియజేసింది. "క్షమించండి, ఈ గుర్రం కదలడం లేదు."

&nbsp;

ద్రెనోవ్కా,
మే 20

చిరంజీవి జోర్నిత్సకు, క్రీస్తు లేచాడు. పండుగ తరువాత నలభై రోజులు సాగే ఈ పలకరింపు ఇంకో తొమ్మిది రోజులే చెల్లుతుంది గనుక నిండుగా వ్రాస్తున్నాను. ఎవ్లోగి ఆశీస్సులు.

ముందు కోడి సంగతి. పొదగడానికి కూర్చున్న కోడిని ఇరవై ఒక్క రోజులు కదపరాదు. అంటే ఆ పెట్టె నెలాఖరు లోపల ఎక్కడికీ కదలదు. పుంజు లేని వంటింట్లో ఆ గుడ్లు ఏమవుతాయో నాకు సందేహమే. ఆ సంగతి కోడితో అనకు.

ఇక ఊపు సంగతి. గంచో పనిగట్టుకుని ఎవరికైనా ఏదైనా నేర్పడం నేను కూడా చూడలేదు. పదిహేనో గుమ్మం దగ్గర అతని చొక్కా పట్టుకుని, "ఒరే, ఆవిడకు మన ఊపు చెప్పు," అన్నాను.

"ఇప్పుడెందుకు మాస్టారూ?"

"ఆఖరి గుమ్మం నాది. ఈసారి తప్పుగా అర్థమైతే ఉత్తరాలు రాసే ఓపిక నాకు లేదు."

చీటీ చదవలేకపోయిన మాట నిజం. కాని కాగితం ఇచ్చి, గుర్రం దిగకుండా, జవాబు కోసం చూసే మనిషి ఏమి అడుగుతోందో తెలియడానికి తపాలావాడి అన్నకు భాష అక్కరలేదు. నడవమని అడుగుతోందని మాత్రం అనుకోలేదు. మళ్ళీ రమ్మంటారా అని అడుగుతోందనుకున్నాను. పద్నాలుగు శనివారాలు ఇరవై మూడు గుమ్మాలు. తలచుకుంటే ఇప్పుడే మోకాళ్ళు కుర్చీని వెతుక్కుంటున్నాయి. కుర్చీ ఎక్కడికీ పోదు. ఆదివారాలు దానికి ఇస్తాను.

నా జవాబు, అక్షరాలా: ఔను. ఊపు మన దేశానిదే.

శనివారాలు మినహా విశ్రాంతిలో ఉన్న,
నీ పెదనాన్న ఎవ్లోగి

తా.క. స్తోయ్నా అవ్వకు ఆ వాక్యం సంగతి చెప్పలేదు. గులాబీలని నేను చదివినదే సరైన పాఠమనీ, శ్రీమతి లిండ్నర్ వ్రాసినది పాఠాంతరమనీ నిర్ణయించాను.

మరొక తా.క. నిన్న జీను తుడిచి వీహ్రాకు చూపించాను. తల అడ్డంగా ఊపింది. ఈగ వాలి ఉంటుందని గంచో అన్నాడు. మా కొండమీదికి జూన్ దాకా ఈగలు రావు.